లూయిస్ దీవిలో అమ్మానాన్నలతో ఒక నింపాది రోజు: ఏం చూడాలి, ఏం వదిలేయాలి

ముందు మీ ప్రశ్న నాకు సరిగ్గా అర్థమైందో లేదో చూసుకుంటాను. జూన్‌లో మీ అమ్మానాన్నలు ఏలూరు నుంచి వస్తున్నారు. గ్లాస్గో నుంచి కారులో ఉల్లాపూల్ వెళ్ళి, అక్కడ ఫెర్రీ ఎక్కి, శనివారం సాయంత్రం స్కాట్లండ్‌కి వాయవ్యాన ఉన్న లూయిస్ దీవిలో స్టోర్నొవే ఊరికి చేరతారు. మంగళవారం తిరుగు ప్రయాణం. ఆదివారాన్ని "హాయిగా తిరిగే రోజు"గా పెట్టుకుని కాలనిష్ నిలువురాళ్ళు, ఉత్తరపు కొసన లైట్‌హౌస్, నల్లిళ్ళు (బ్లాక్‌హౌస్ అనే పాతకాలపు రాతిగోడల గడ్డిళ్ళు), హారిస్‌లో లస్కెంటైర్ బీచ్, అన్నీ ఆ ఒక్క రోజులో చూడొచ్చా అని అడిగారు. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, పైగా పూర్తి శాకాహారం. నాన్నగారు రిటైరైన సోషల్ మాస్టారు, ప్రతి బోర్డూ చదివితే గానీ కదలరు.

చూడొచ్చు. నేను చూశాను, అందుకే వద్దంటున్నాను. గ్లాస్గోలో పదహారేళ్ళుగా ఉంటున్నాను, ఆ దీవికి ఏడుసార్లు వెళ్ళాను. మొదటిసారి మా అమ్మనీ అత్తగారినీ వెంటబెట్టుకుని సరిగ్గా మీరు రాసిన జాబితాతోనే బయల్దేరాను. స్టోర్నొవే నుంచి ఉత్తరపు కొస 45 కిలోమీటర్లు. లస్కెంటైర్ దక్షిణాన 75 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మధ్యలో పడమటి ఊళ్ళన్నీ కలుపుకుని ఇంటికొచ్చేసరికి మీటరు మీద 300 దగ్గరపడింది. లస్కెంటైర్ చేరేసరికి సాయంత్రం ఆరు, సన్నటి వాన, వెనక సీట్లో ఇద్దరూ నిద్ర. లేపబోతే మా అత్తగారు కళ్ళు కూడా తెరవకుండా "మీరు చూసి రండి బాబూ, మాకు ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది" అన్నారు. ఆరోజు ఫోటోలు చూస్తే ఎక్కడెక్కడికి వెళ్ళామో తెలుస్తుంది గానీ, ఏది ఎలా ఉందో మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

మ్యాప్ మోసం చేస్తుంది. లూయిస్, హారిస్ రెండిటినీ వేర్వేరు దీవులంటారు గానీ మధ్యలో సముద్రమే లేదు, రెండూ ఒకే నేల. బ్రిటిష్ దీవులన్నిటిలో బ్రిటన్, ఐర్లండ్ తర్వాత అంత పెద్ద దీవి ఇంకొకటి లేదు. హారిస్ వైపు కొండలు, వంకర రోడ్లు. కాబట్టి ఒక రోజుకి ఒక దిక్కే పెట్టుకోండి. అమ్మానాన్నలతో వెళ్ళినప్పుడు నేను పడమటి రోడ్డునే ఎంచుకుంటాను. స్టోర్నొవేలో మొదలై కాలనిష్, కార్లోవే, బార్వస్ మీదుగా చుట్టి మళ్ళీ స్టోర్నొవేకి సుమారు 80 కిలోమీటర్లు. కారులో కూర్చునేది మొత్తం రెండు గంటలు కూడా కాదు. మిగిలిన టైమంతా నడవడానికీ, కూర్చోవడానికీ, టీ తాగడానికీ.

ఇక అసలు ఇబ్బంది మీరు ఎంచుకున్న రోజు. ఆదివారం వద్దు. లూయిస్‌లో ఆదివారాన్ని ఇంకా నిష్ఠగా పాటిస్తారు. స్టోర్నొవేకి ఆదివారం ఫెర్రీ నడవడం మొదలైందే 2009లో, అదీ ఎన్నో వాదనల తర్వాత. టెస్కో సూపర్‌మార్కెట్ ఆదివారం తెరవడం 2024 నవంబర్‌లో మొదలైంది, దాని మీదా ఊరంతా చర్చే. పల్లెల్లో కాఫీ హోటళ్ళు, మగ్గాల కొట్లు, నల్లిళ్ళ మ్యూజియం చాలావరకు తాళాలే. పాతతరం వాళ్ళు ఆదివారం బయట తీగ మీద బట్టలు కూడా ఆరేయరు. మీరు అద్దెకి తీసుకునే ఇంటి పెరట్లో తీగ కనిపించినా ఆ ఒక్కరోజుకి వదిలేయండి. ఎవరూ ఏమీ అనరు, అది వేరే సంగతి.

కాబట్టి రెండు రోజులూ తారుమారు చేయండి. ఆదివారం హారిస్ బీచ్‌కి వెళ్ళండి, సముద్రానికి తాళం వేయరు కదా. శనివారమే పెట్రోల్ నింపుకుని, పులిహోర కలుపుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని బయల్దేరండి. తెల్లటి ఇసుక, లేత పచ్చరంగు నీళ్ళు, అవతల టారన్సే దీవి. అక్కడ చేయాల్సింది ఏమీ లేదు, అదే దాని గొప్ప. పడమటి రోడ్డుని సోమవారానికి ఉంచుకోండి. లైట్‌హౌస్ వదిలేయండి. అక్కడ గాలి ఎంత గట్టిగా కొడుతుందంటే మా అమ్మ కారు తలుపు తెరవలేకపోయింది.

ఇప్పుడు సోమవారం సంగతి. పొద్దున హడావుడి పెట్టుకోకండి. పది గంటల ప్రాంతంలో స్టోర్నొవే రేవుకి ఎదురుగా గట్టు మీదున్న లూస్ కాసిల్ దగ్గరికి వెళ్ళండి. చెట్లే లేని దీవిలో ఈ కోట చుట్టూ మాత్రం దట్టంగా చెట్లుంటాయి. అది పాత రాజుల కోట అనుకుంటారు అందరూ. కాదు. 1844లో ఈ దీవి మొత్తాన్ని కొనేసిన జేమ్స్ మాథెసన్ అనే వ్యాపారి కట్టించుకున్న బంగళా. ఆయన డబ్బు ఎక్కడిదంటారా? జార్డీన్ మాథెసన్ కంపెనీ భాగస్వామి ఆయన. మన బిహార్‌లోనూ మాల్వాలోనూ పండిన నల్లమందుని చైనాకి చేరవేసిన వ్యాపారం అది. నాన్నగారికి ఈ ఒక్క ముక్క చెబితే చాలు, కోట చుట్టూ ఓ గంట తిరుగుతారు.

కోట పక్కనే, దానికి ఆనుకునే దీవి మ్యూజియం ఉంది. చిన్నది, గంటలో చూసేయొచ్చు, మెట్ల బాధ లేదు. అక్కడ తప్పక చూడాల్సినవి ఆరు చదరంగం బొమ్మలు. 1831లో ఈ దీవి పడమటి తీరంలో ఊగ్ ప్రాంతంలో ఇసుకలోంచి బయటపడ్డాయి. వాల్రస్ దంతంతో 12వ శతాబ్దంలో చెక్కినవి, బహుశా నార్వేలో. మొత్తం 93 ముక్కల్లో 82 లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, 11 ఎడిన్‌బరాలో ఉన్నాయి. లండన్ వాటా నుంచి ఆరింటిని దీర్ఘకాలపు అరువు మీద ఇక్కడికి పంపారు. దొరికిన చోటికి అరువు మీద రావడమేమిటని మీకు అనిపిస్తే, ఊళ్ళోవాళ్ళకీ అదే అనిపిస్తుంది. ఈ బొమ్మల్లో మంత్రి ఉండడు, రాణి ఉంటుంది. అరచెయ్యి చెంపకి ఆనించుకుని, ఇంట్లో పాలు విరిగిపోయాయని ఇప్పుడే తెలిసినట్టు దిగాలుగా కూర్చుంటుంది. మా అత్తగారు దాన్ని చూసి పదినిమిషాలు నవ్వారు.

ఈ ఊరికి మనవాళ్ళు వెళ్ళడానికి ఇంకో కారణం ఉంది, అది మీ ఏలూరు దాకా వస్తుంది. కాలిన్ మెకంజీ పేరు నాన్నగారు వినే ఉంటారు. ఊరూరి చరిత్రలు రాయించిన కాగితాలు, అదే మెకంజీ కైఫియత్తులు, ఆ మెకంజీ. ఆయన 1754 ప్రాంతంలో పుట్టింది ఈ స్టోర్నొవేలోనే. రేవులో కస్టమ్స్ ఉద్యోగం చేసి, 1783లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో చేరి వెళ్ళాడు, మళ్ళీ తిరిగి రాలేదు. మైసూరు సర్వే చేశాడు, అమరావతి స్తూపాన్ని చూసి బొమ్మలు గీయించాడు, చివరికి మొత్తం భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యి 1821లో కలకత్తా దగ్గర పోయాడు. ఆయన పేరు మీదున్న ఆ కాగితాల కొండ ఆయనొక్కడు సేకరించింది కాదు. ఆయనకి తెలుగు సరిగ్గా రాదు. ఊరూరా తిరిగి కరణాల చేత చెప్పించి, శాసనాలకి నకళ్ళు తీసి, పోగేసిపెట్టినవాళ్ళు ఏలూరుకి చెందిన కావలి వెంకట బొర్రయ్య, ఆయన తమ్ముళ్ళు లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య 1803లో పాతికేళ్ళు దాటీ దాటకుండానే చనిపోయాడు. అయినా ఆ పని ఆగకుండా తమ్ముడు లక్ష్మయ్య నడిపించాడు.

2017లో ఆ మ్యూజియంలోనే మెకంజీ సేకరణల మీద ప్రత్యేక ప్రదర్శన పెట్టారు. అది ఇప్పుడు లేదు, అది చూడాలని వెళ్ళకండి. కానీ రేవు గట్టు మీద నిలబడి, ఇంత చలిగాలి ఊరి కుర్రాడు గుంటూరు ఎండల్లో పల్లకీలో కూర్చుని పల్లెటూళ్ళ కథలు రాయించుకున్నాడు అనుకుంటే వింతగా ఉంటుంది. నేను ప్రతిసారీ అక్కడ కాసేపు నిలబడతాను. మా ఇంట్లోవాళ్ళకి విసుగు.

పదకొండున్నరకి బయల్దేరితే కాలనిష్ అరగంట. ఊరు దాటగానే ఇళ్ళు ఆగిపోతాయి, మిగిలేది గోధుమరంగు బీడు, చిన్న చిన్న నీటిగుంటలు, ఆకాశం. ఆ నేలంతా పీట్. వేల ఏళ్ళుగా కుళ్ళీ కుళ్ళకుండా పేరుకున్న నాచు, గడ్డి. దాన్ని వేసవి మొదట్లో ఇటుకల్లా కోసి, ఆరబెట్టి, ఇంటి ముందు గూళ్ళుగా పేర్చి చలికాలమంతా పొయ్యిలో వేసుకుంటారు. మన పిడకల గూళ్ళు ఎలాగో ఇవీ అలాగే, వాసన మాత్రం వేరు.

దారి బోర్డుల మీద పేర్లు ముందు ఇక్కడి పాత భాష గేలిక్‌లో ఉంటాయి. స్టోర్నొవే ఒకలా, కాలనిష్ ఇంకోలా రాసి ఉంటే కంగారుపడొద్దు. షాబోస్ట్, హాబోస్ట్, లుర్‌బోస్ట్ అని 'బోస్ట్'తో ముగిసే ఊళ్ళు ఈ దీవిలో చాలా ఉన్నాయి. అది నార్వే నుంచి వచ్చిన వైకింగులు వదిలివెళ్ళిన మాట, వ్యవసాయపు స్థావరం అని అర్థం. మన పల్లి, పాడు, పూడి లాంటిదన్నమాట. పెద్ద రోడ్డు రెండు వరసలదే గానీ పక్కదారులు ఒక్క కారు పట్టేవి. అక్కడక్కడా పక్కకి తప్పుకునే చోట్లుంటాయి. అది మీ ఎడమవైపుంటే అందులోకి దిగండి, కుడివైపుంటే దానికి ఎదురుగా రోడ్డు మీదే ఆగండి, అవతలి కారు అందులోకి దిగుతుంది. ఫోటో కోసం అక్కడ బండి పార్క్ చేయడం మాత్రం పెద్ద తప్పు. వెనకాల వచ్చే ఊరివాళ్ళకి కూడా దారివ్వండి, వాళ్ళు పనుల మీద పోతుంటారు. ఎదుటివాళ్ళు ఆగితే చెయ్యెత్తడం మర్యాద. గొర్రెలకి ఈ నియమాలేవీ వర్తించవు.

కాలనిష్ దగ్గర తొందరపడకండి. సుమారు 5,000 ఏళ్ళ కిందట నిలబెట్టిన రాళ్ళు. మధ్యలో దాదాపు 4.8 మీటర్ల ఎత్తు రాయి ఒకటి, దాని చుట్టూ 13 రాళ్ళ వలయం, ఉత్తరం వైపు రెండు వరసల బాట, మిగిలిన మూడు వైపులకీ ఒక్కో వరస. పైనుంచి చూస్తే శిలువలా ఉంటుంది గానీ క్రీస్తుకి రెండున్నర వేల ఏళ్ళకి పైగా ముందుది. రాయిని దగ్గరగా చూడండి. టేకు చెక్క మీద ఉండేలాంటి అలలు, చారలు కనిపిస్తాయి. ఆ రాయి పేరు లూయిసియన్ నీస్. కొన్నిచోట్ల దాని వయసు 300 కోట్ల ఏళ్ళ దాకా ఉంటుంది. అంటే మనుషులు నిలబెట్టిన 5,000 ఏళ్ళు ఆ రాయికి నిన్న సాయంత్రం లాంటిది.

ఇంకో విషయం, ఆ మాథెసన్ ఇక్కడ కూడా తగులుతాడు. వేల ఏళ్ళలో ఈ రాళ్ళ చుట్టూ పీట్ మట్టి మీటరున్నర మందంగా పేరుకుపోయి సగం మునిగి ఉండేవి. 1857లో ఆయన ఆ మట్టి తవ్వించాక గానీ రాళ్ళ పూర్తి ఎత్తు బయటపడలేదు, మధ్యలో చిన్న సమాధి గది కూడా అప్పుడే కనిపించింది. ఎందుకు నిలబెట్టారన్నదానికి చంద్రుడి కథే ఎక్కువమంది చెబుతారు. 18.6 ఏళ్ళకోసారి చంద్రుడు దక్షిణాన బాగా కిందకి దిగి, కొండల అంచు మీద దొర్లుతున్నట్టు పోతాడు. ఆ కొండలవరస పడుకున్న ఆడమనిషి ఆకారంలో ఉంటుంది, రాళ్ళ దగ్గర నిలబడి దక్షిణానికి చూస్తే మీకే తెలుస్తుంది. ఆ చంద్రుడి కాలం 2024, 2025ల్లో అయిపోయింది, మళ్ళీ 2040ల్లోనే. ఊరివాళ్ళ పాత కథ వేరు. మతం మారమంటే ఒప్పుకోని రాక్షసుల్ని ఓ సన్యాసి రాళ్ళుగా మార్చేశాడట. మా అమ్మకి చంద్రుడి కంటే ఇదే నచ్చింది.

నాన్నగారు "మనకీ ఉన్నాయి కదా నిలువురాళ్ళు" అంటారు, రాసిపెట్టుకోండి. ఉన్నాయి. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో, కృష్ణ ఒడ్డున. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. వెళ్ళొచ్చినవాళ్ళని అడిగితే ఒక్కరు దొరకడం కష్టం. ఆ వాదన కారులో పెట్టుకోండి, రాళ్ళ దగ్గర వద్దు.

అమ్మగారికి నడక సమస్య కాదు, కారు ఆపే చోటు నుంచి రాళ్ళు దగ్గరే. గడ్డి తడిగా ఉంటుంది కాబట్టి చెప్పులు కాకుండా బూట్లు వేయించండి, చీర అంచు పట్టుకోవడానికి ఒకరుండాలి. ఇక్కడి సందర్శకుల కేంద్రాన్ని విస్తరిస్తూ పనులు చేశారు. టికెట్లు, తెరిచే వేళలు, టాయిలెట్ల సంగతి బయల్దేరే ముందురోజు వాళ్ళ వెబ్‌సైట్‌లో చూసుకోండి. టూరిస్టు బస్సులు వచ్చి జనం ఎక్కువైతే అక్కడే మొండిగా నిలబడకండి. ఒకటి రెండు కిలోమీటర్లలో ఇంకో రెండు చిన్న రాతి వలయాలున్నాయి, కాలనిష్ రెండు, మూడు అంటారు. అక్కడికి బస్సులు రావు. గొర్రెలూ మీరే. నా మట్టుకి నేను మూడో వలయం దగ్గర గడిపిన ముప్పావుగంట పెద్ద రాళ్ళ కంటే బాగుంది.

భోజనం గురించి ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మీ అమ్మగారు ఇబ్బందిపడేది ఇక్కడే. స్టోర్నొవే బ్లాక్ పుడ్డింగ్ ప్రపంచప్రసిద్ధం, ప్రతి మెనూలోనూ ఉంటుంది. పుడ్డింగ్ అనగానే స్వీట్ అనుకునేరు. అది రక్తంతో, పశువుల కొవ్వుతో, ఓట్స్‌తో చేసేది. వైట్ పుడ్డింగ్‌లో రక్తం ఉండదు గానీ కొవ్వు ఉంటుంది. క్లూటీ డంప్లింగ్ అని ఎండుద్రాక్ష వేసిన తియ్యటి ముద్ద ఒకటి పెడతారు, చూడ్డానికి మన గుళ్ళో ప్రసాదంలా ఉంటుంది. అందులోనూ పాత పద్ధతిలో గొడ్డుకొవ్వే వేస్తారు. సూప్ కూరగాయలదే అయినా దేంతో మరిగించారో అడగండి, చికెన్ నీళ్ళు కావచ్చు. స్కోన్లు, వెన్న, జామ్, చీజ్ శాండ్‌విచ్, వేయించిన బంగాళాదుంప ముక్కలు, వీటికి భయం లేదు. అయినా ఆ ముక్కలు ఏ కొవ్వులో వేయించారో కూడా ఒకసారి అడిగితే తప్పులేదు. అడిగితే విసుక్కోరు, లోపలికెళ్ళి కనుక్కుని వచ్చి చెబుతారు. నేనైతే మధ్యాహ్నం డబ్బా కట్టుకుపోతాను. పెరుగన్నం, ఆవకాయ తెచ్చుకుని ఏదో ఒక సముద్రం ఎదురుగా కారులో కూర్చుని తినడమే. సాయంత్రానికి స్టోర్నొవేలో ఇండియన్ భోజనం దొరుకుతుంది. ఈ ఊళ్ళో పంజాబ్ వైపు నుంచి వచ్చి దశాబ్దాలుగా స్థిరపడిన ముస్లిం కుటుంబాలున్నాయి. వాళ్ళ పెద్దవాళ్ళు గేలిక్ కూడా మాట్లాడతారట. 2018లో ఊళ్ళో మసీదు కూడా మొదలైంది.

కార్లోవే దగ్గర రెండువేల ఏళ్ళనాటి రాతి బురుజు ఒకటుంది. సున్నం లేకుండా పేర్చిన జంటగోడలు, ఆ గోడల మధ్యలోంచి పైకి మెట్లు, ఒకవైపు ఇప్పటికీ 9 మీటర్ల ఎత్తు. మీరూ నాన్నగారూ వెళ్ళి రండి, పావుగంట పని. దారి ఎగుడుదిగుడు కాబట్టి అమ్మగారు కింద నుంచి చూస్తే చాలు.

తర్వాత నల్లిళ్ళు. రెండు చోట్లున్నాయి, గారెనన్ ఒకటి, ఆర్నల్ ఒకటి. రెండూ చూడక్కర్లేదు. ఏది చూడాలన్నది మీ అమ్మగారి ఊపిరితిత్తుల మీద ఆధారపడి ఉంటుంది, ఎందుకో చెబుతాను.

ఆర్నల్‌లో 42వ నంబరు ఇల్లు 1885 ప్రాంతంలో కట్టింది. 1960ల దాకా అందులో మనుషులు కాపురమున్నారు. తలుపు దగ్గర వంగి లోపలికెళితే మొదట ఏమీ కనిపించదు. నేల మధ్యలో పీట్ నిప్పు, పొగగొట్టం లేదు, పొగంతా గడ్డికప్పులోంచే మెల్లగా బయటికి పోతుంది. ఒకే కప్పు కింద ఒకవైపు మనుషులు, పల్లంవైపు ఆవులు. రెంటికీ ఒకటే వాకిలి. పొగచూరిన గడ్డిని తీసి పొలంలో ఎరువుగా వేసి, కొత్త గడ్డి కప్పేవాళ్ళు. ఏదీ వృథా పోదు. బయటికొచ్చి కప్పు చూడండి. మన పూరిళ్ళకి చూరు ముందుకి దిగి ఉంటుంది కదా, గోడ తడవకుండా. వీటికి చూరే ఉండదు. మీటరు పైన మందమున్న గోడకి లోపలి అంచు మీద కప్పు కూర్చుంటుంది, బయట గోడ అలాగే నగ్నంగా ఉంటుంది. చూరుంటే అట్లాంటిక్ గాలి దాన్ని పట్టుకుని కప్పు లేపేస్తుంది. అందుకే కప్పు మీద వల వేసి, తాళ్ళకి రాళ్ళు కట్టి వేలాడదీస్తారు. మా అమ్మ లోపల అడుగుపెట్టి, కాసేపు మాట్లాడకుండా నిలబడి, "మా అమ్మమ్మ వంటిల్లు" అంది. పక్కనే 1920ల నాటి తెల్లిల్లు కూడా చూపిస్తారు. సున్నపు గోడల కొత్త ఇళ్ళు వచ్చాకే పాతవాటికి నల్లిళ్ళు అన్న పేరు పడింది.

ఇంత చెప్పాక కూడా, ఉబ్బసం ఉన్నవాళ్ళని అందులోకి తీసుకెళ్ళొద్దంటాను. పొగ నిజం పొగ. ఐదు నిమిషాలకి కళ్ళు మండుతాయి, స్వెట్టరు రెండ్రోజులు వాసనేస్తుంది. అలాంటి ఇబ్బంది ఉంటే గారెనన్ మంచిది. 1974లో చివరి కుటుంబాలు ఖాళీ చేసి వెళ్ళిపోయాక శిథిలమైన తొమ్మిది ఇళ్ళని బాగుచేశారు. కొన్ని బసకి అద్దెకిస్తారు, ఒకటి మ్యూజియం, ఒకటి కాఫీ హోటలు. సముద్రంలోకి దిగే వాలు మీద ఉంటుంది, దారి రాళ్ళు పరిచిందే గానీ వెనక్కొచ్చేటప్పుడు ఎత్తెక్కాలి. మోకాళ్ళకి తొందరపెట్టకండి. ఆర్నల్ ఆదివారాలు తెరవరు, వేరే సెలవురోజులు కూడా ఉంటాయి. సోమవారం తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కోండి.

గారెనన్‌లో హారిస్ ట్వీడ్ నేసి చూపిస్తారు. ఆ గుడ్డకి బ్రిటిష్ పార్లమెంటు 1993లో ఏకంగా చట్టం చేసింది. ఈ దీవుల్లోనే రంగు వేసి వడికిన స్వచ్ఛమైన ఉన్నితో, దీవివాళ్ళు తమ ఇళ్ళల్లో చేత్తో నేసి, ఇక్కడే తుది మెరుగు దిద్దితేనే ఆ పేరు వాడాలి. మిల్లులో నేస్తే ఎంత బాగున్నా హారిస్ ట్వీడ్ కాదు. మన పోచంపల్లి, మంగళగిరి చేనేతలకి భౌగోళిక గుర్తింపు ఉంది గానీ, నేతగాడి ఇంట్లోనే నేయాలని కట్టడి చేసిన చట్టం ఇదే. మగ్గం ఇనుముది, కాళ్ళతో సైకిల్లా తొక్కుతారు. మా అత్తగారిది చీరాల. నాడె అటూ ఇటూ పరిగెడుతుంటే పడుగు ఎన్ని పోగులు, కండె ఎంతసేపు వస్తుందని నా చేత అడిగించారు. నాకు పోగుకి ఇంగ్లీషు మాట తట్టలేదు. చివరికి ఆవిడే వేలితో చూపించారు, ఆ నేతగాడు వేళ్ళతోనే లెక్క చెప్పాడు. ఇద్దరూ అరగంట అలా మాట్లాడుకున్నారు. కోటు గుడ్డ ఖరీదు విని మాత్రం ఆవిడ వెంటనే బయటికొచ్చేశారు. కొనాలనుకుంటే చిన్న పర్సో టోపీయో తీసుకోండి, లోపల గోళం, శిలువ ఉన్న ముద్ర ఉందో లేదో చూసి.

వెనక్కొచ్చే దారిలో బ్రాగర్ ఊళ్ళో ఒక ఇంటి గేటుకి ఆర్చీలా తిమింగలం దవడ ఎముక నిలబెట్టి ఉంటుంది. 1920లో ఒడ్డుకి కొట్టుకొచ్చిన నీలి తిమింగలం అది. దానికి గుచ్చుకున్న బల్లెం కూడా మధ్యలో వేలాడుతుంది. అది ఎవరిదో సొంత ఇల్లు, రోడ్డు మీద నుంచే చూసి కదలండి.

దోమల్లాంటి చిన్న పురుగులు, మిడ్జెస్, జూన్‌లో ఉంటాయి. గాలి ఉన్నంతసేపు రావు. ఈ తీరంలో గాలి లేని రోజు తక్కువ, కానీ సాయంత్రం గాలి ఆగితే బయట కూర్చోలేరు. గొడుగు తేవొద్దు. వాన ఇక్కడ అడ్డంగా పడుతుంది, గొడుగు మొదటి ఐదు నిమిషాల్లోనే తిరగబడుతుంది. టోపీ ఉన్న రెయిన్‌కోటు, చెవులకి మఫ్లర్ పెట్టుకోండి. జూన్ అయినా సరే.

బార్వస్ నుంచి స్టోర్నొవేకి బీడు మధ్యలోంచి తిన్నటి రోడ్డు. సాయంత్రం ఐదుకి ఇల్లు చేరిపోతారు, అదే కావాలి. వంట చేసుకుని, అమ్మగారు కాసేపు నడుం వాల్చి లేచాక, తొమ్మిదింటికి మళ్ళీ రేవు దాకా నడిచి రండి. వెలుతురు పదిన్నర దాటినా ఉంటుంది. మొదటి రాత్రి మా అమ్మ నిద్రపోలేదు, ఇంకా తెల్లారలేదా, పొద్దుపోలేదా అని కిటికీ దగ్గరే కూర్చుంది. అద్దె ఇల్లు బుక్ చేసేటప్పుడు పడకగదికి మందపాటి కర్టెన్లు ఉన్నాయో లేదో అడగండి. లేకపోతే ఒక నల్ల దుప్పటి, నాలుగు బట్టల క్లిప్పులు పెట్టెలో వేసుకోండి.